వెనక గది

“ఈ గది పాతదేనా అవ్వా, తర్వాత కట్టిన్రా? జర యాదికి తెచ్చుకొని చెప్పు,” అన్నాడు బిల్డర్ దగ్గర పనిచేసే ఇంజనీరు మధుకర్.

నానక్‌రామ్‌గూడలో అద్దాల టవర్ల మధ్య మిగిలిపోయిన దొర గడి, కోటలాంటి పాత భవంతి అది. దాన్ని బాగుచేసి, పక్కన లేచే కొత్త టవరుతో కలపబోతున్నారు. మొదట కట్టినవన్నీ ఉంచాలి, తర్వాత చేర్చినవి పడగొట్టవచ్చు. అదీ ఒప్పందం. పాత కాగితాలేమీ దొరకలేదు. గోడలకు చెవులుంటాయంటారు గానీ నోరుండదు కదా! అందుకే ఒకప్పుడు గడిలో పనిచేసిన నీలమ్మను పిలిపించారు. ఇక ఆమె మాటే సాక్ష్యం.

హాలు, వరండా, ధాన్యపు కొట్టు పాతవేనని చెప్పేసింది. వెనక గది ఒక్కటే తేలాలి. ఉంటే లైబ్రరీ, పోతే అక్కడ లిఫ్టు.

ఆర్కిటెక్టు సంయుక్త ఆ గది మీద మనసు పడింది. “లోపల ఎంత చల్లగా ఉందో మామ్మగారూ! దూలానికి ఇనుప కడియం కూడా ఉందండి. ఉయ్యాల వేసేవారేమో!”

“ఏమో బిడ్డా.” నీలమ్మ గడప అవతలే నిలబడింది. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. దూలానికున్న కడియం వంకే చూసింది. “ఇది మొదట లేకుండె. మా పెనిమిటి రాజయ్య కట్టిండు. మట్టి నేనే మోసిన.”

“కానీ రాయి పాతదానిలా ఉందండీ...”

“కూలిన గోడ రాళ్ళే తెచ్చి పేర్చిండు.”

మధుకర్ ముఖం వెలిగింది. సంయుక్త మాత్రం నీలమ్మ చెయ్యి పట్టుకుంది. “మీ ఆయన కట్టిన గది పోతుంది మామ్మగారూ. సరిగ్గా గుర్తులేదని ఒక్క మాటనండి, ఉంచేస్తాను.”

“అబద్ధమాడి నిలబెట్టుకుంటమా బిడ్డా?”

మధుకర్ ఆమె మాటలు ఫోనులో రికార్డు చేసి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎక్కడుందని సంయుక్త కళ్ళు తుడుచుకుంది.

“ఎప్పుడు కూలగొడ్తరు?” అడిగింది నీలమ్మ.

“రేపు పొద్దుగాలనే.”

“నేనొస్త. నిలవడి సూస్త.”

రాజయ్య ఆ గదిని కట్టలేదు. దొర అతన్ని అందులోనే కొట్టి చంపాడు.