చీకటింటి ఆపిల్

సాయంత్రం ఆరులోపు గుమ్మడికాయ గుజ్జు తోడెయ్యాలి. కళ్లూ పళ్లూ కోసి లోపల కొవ్వొత్తి పెట్టాలి. పాత దుప్పటికి కళ్ల దగ్గర చిల్లులు కత్తిరించాలి. మిఠాయిలు పోసుకోవడానికి దిండు గలేబు వెతకాలి. తమ్ముడు కర్టిస్ మొహానికి మసి పూయాలి. దయ్యం దుప్పటి కింద కోటు వేసుకోనని అమ్మతో దెబ్బలాడి, ఓడిపోయి, వేసుకోవాలి.

ఆ ఏడు ఇంకో పని చేరింది. వీధులన్నీ తిరిగాక, ఒక్క మిఠాయీ నోట్లో పెట్టకుండా, ఆస్పత్రికి వెళ్లాలి.

అది ఒహాయోలో ఉక్కు కర్మాగారం ఉన్న చిన్న ఊరు. 1983 హాలోవీన్, పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయిలడిగే పండగ. డార్లాకి తొమ్మిదేళ్లు.

ఎక్కడో ఎవరో పిల్లల మిఠాయిల్లో బ్లేడు ముక్కలు పెట్టారని ఊరంతా చెప్పుకున్నారు. ఎక్కడ, ఎవరు అని ఎవరూ అడగలేదు. పండగ రోజు మిఠాయిలకు ఉచితంగా ఎక్స్‌రే తీస్తామని ఆస్పత్రివాళ్లు కాగితాలు పంచారు.

"పెడతారా, పీడించమంటారా?"

అక్కాతమ్ముళ్లు ప్రతి గుమ్మం ముందూ గొంతు చించుకున్నారు. గలేబు బరువెక్కింది.

లార్చ్ వీధి చివరి ఇంటికి దీపం లేదు. దీపం లేని ఇంటికి పిల్లలు వెళ్లకూడదు. అది అందరికీ తెలిసిన నియమం. ఆ ఇంట్లోకి వసంతంలో ఎవరో దిగారు గానీ, మొహం చూసినవాళ్లు లేరు.

కానీ మెట్ల మీద ఒక బుట్ట ఉంది. నిండా ఆపిళ్లు. ఒక్కోటీ పాకంలో ముంచి, పుల్లకి గుచ్చి ఉంది. పక్కన చీటీ: "ఇంట్లో ఎవరూ లేరు. తలా ఒకటి తీసుకోండి."

"వద్దక్కా. ఆయన శవాల్ని తింటాడంట," అన్నాడు కర్టిస్.

"శవాల్ని తినేవాడికి ఆపిళ్లెందుకురా?"

డార్లా వంగి వాసన చూసింది. వెన్న మాడీ మాడనట్టు, కమ్మగా.

అమ్మమ్మ అచ్చం ఇలాగే చేసేది. మార్చిలో పోయింది. ఈ పండక్కి పాకం పట్టే ఓపిక అమ్మకి లేదు.

డార్లా ఒకటి తీసుకుంది.

అమ్మ ఇద్దర్నీ ఆస్పత్రికి తీసుకెళ్లింది. నడవాలో పెద్ద వరస. మంత్రగత్తెలు, సముద్రపు దొంగలు, ఒక బుల్లి పోలీసు. ఎక్స్‌రే గదిలో ఒకాయన తల నుంచి కాలిదాకా నల్లబట్ట తొడుక్కుని, దాని మీద తెల్లగా ఎముకలు గీసుకుని, పుర్రె ముసుగు పెట్టుకున్నాడు.

"రండి రండి! నాకు ఎముకలు బయట. మీ చాక్లెట్లకి లోపల ఉన్నాయేమో చూద్దాం."

కర్టిస్ ఇచ్చిన గలేబు తెర మీద నల్లగా, తెల్లగా కనబడింది.

"అయ్యో! ఈ చాక్లెట్టుకి జలుబు చేసింది."

"మందుందా?" కర్టిస్ నిజంగానే కంగారుపడ్డాడు.

"ఉంది. ఇంటికెళ్లగానే తినెయ్యడమే."

గదంతా నవ్వింది. పిల్లలు అప్పుడే ఆయనకి ఎముకలాయన అని పేరు పెట్టేశారు.

డార్లా ఆపిల్ ఇచ్చింది.

"ఇది ఎవరిచ్చారు తల్లీ?"

"ఎవరో దీపం కూడా పెట్టని మనిషండీ," అంది అమ్మ. "మొహం చూపించడు, పలకడు. మెట్ల మీద వదిలేసిపోయాడు."

ఎముకలాయన ఆపిల్‌ని తెర మీద చూపించాడు. "గింజలు. పుల్ల. ఇంకేం లేదమ్మా."

"సూదైతే కనిపిస్తుంది. విషం కనిపిస్తుందా?"

"కనిపించదు," అన్నాడు ఆయన, ఆపిల్ తిరిగిస్తూ.

"మరి!"

"అమ్మా, ఒక్క కొరుకు. అమ్మమ్మ చేసినట్టే ఉందమ్మా."

"అమ్మమ్మ ఎవరో మనకి తెలుసు. ఇతనెవరో తెలుసా?"

తలుపు పక్కన చెత్తడబ్బా ఉంది. అందులో అప్పటికే బోలెడు ఆపిల్ పుల్లలు పైకి లేచి ఉన్నాయి. అమ్మ దీన్నీ పడేసింది.

డార్లా దుప్పటి లోపలే ఏడ్చింది. చిల్లుల అంచులు తడిశాయి.

"మీలాంటివాళ్లుండబట్టి సరిపోయింది," అంది అమ్మ ఎముకలాయనతో. "పండగపూట కూడా పిల్లల కోసం నిలబడ్డారు. చల్లగా ఉండండి."

ఆయన తలూపాడు. "తర్వాత ఎవరమ్మా?" అన్నాడు వరస వైపు చూసి.

మరుసటేడు కూడా ఆ చీకటింటి మెట్ల మీద బుట్ట పెట్టారు. మగపిల్లలు ఆ ఆపిళ్లు తీసి ఆ ఇంటి గోడకే విసిరారు. మూడో ఏడు బుట్ట లేదు.

"బుద్ధొచ్చినట్టుంది," అన్నారు వీధిలో.

ఎముకలాయన మాత్రం ఏటా వచ్చాడు. ఆస్పత్రివాళ్లు ఆ పని మానేసేదాకా.

డార్లా నర్సు చదువు చదివింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. వేరే ఊళ్లో కొన్నేళ్లు చేసి, చివరికి అదే ఆస్పత్రిలో చేరింది. చేరిన వారమే ఎముకలాయన గురించి అడిగింది. రిటైరైపోయాడన్నారు. ఒకసారి వెళ్లి కలవాలనుకుంది. డ్యూటీల మధ్య కుదరలేదు.

ఒక నవంబరులో పెద్ద నర్సు విల్మా వచ్చి చెప్పింది.

"మీ ఎముకలాయన పోయాడే. మొన్న రాత్రి, నిద్రలోనే."

డార్లా చేతిలో పని ఆగిపోయింది. "ఆయన మొహం కూడా నేను చూళ్లేదు విల్మా."

"ఎవరు చూశారు? ఇరవై ఏళ్లు రాత్రి డ్యూటీయే. పగలంతా నిద్ర. ఆ ఒక్క పండగ సాయంత్రం మాత్రం, జీతం లేకపోయినా, ముందే వచ్చి నిలబడేవాడు. రేపు ఇంటికెళ్లి సామాను సర్దాలి. నా అనేవాళ్లు లేరుగా. వస్తావా?"

"వస్తాను. ఇల్లెక్కడ?"

"లార్చ్ వీధి, చివరిది."

ఆ ఇంటికి ఆరిళ్ల అవతలే డార్లా పుట్టి పెరిగింది.

ఆయన పేరు ఓరిన్ టేట్. చదివినవాళ్లు ఒక్కసారి తలుచుకోండి.