గోడ అవతలికి వినబడే స్పీకర్లు

తాళాలాయన వాచీల షాపు దోచుకోవడానికి అన్నీ సిద్ధం చేసుకున్నాడు, ఒక్క స్పీకర్లు తప్ప.

దొంగతనానికి స్పీకర్లెందుకని ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ షాపు షట్టరుకు కొత్త తాళం బిగించింది ఆయనే. దానికి మారు తాళంచెవి చేసి దాచుకున్నదీ ఆయనే. రేపు షాపు ఖాళీ అయితే పోలీసులు ముందుగా తట్టేది తన తలుపేనని తెలియనంత అమాయకుడు కాడు. ఆ సమయానికి తను ఇంట్లోనే ఉన్నాడని మేడలో వాళ్ళంతా ఒట్టేసి చెప్పాలి. చెప్పాలంటే వాళ్ళకు ఆయన గిటారు వినబడాలి.

గిటారు ఆయనకు కొత్త కాదు. రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చి వాయిస్తాడు. ఎన్నేళ్ళయినా ఒకటే పాట, అదీ సగం దాకానే. సరిగ్గా ఆ వేళకే ఆయన భార్యకు అక్కగారింట్లో ఏవేవో పనులు గుర్తుకొచ్చేవి. ఈమధ్య గిటారు శబ్దాన్ని పెంచే పాత యాంప్ మూలపడితే డిజిటల్ యాంప్ కొన్నాడు. చెప్పుల పెట్టె అంత ఉంటుంది. పెద్ద పెద్ద యాంపుల గొంతులన్నీ అనుకరిస్తుంది గానీ, స్పీకర్లు తగిలిస్తే తప్ప నోరు విప్పదు.

“ఇంట్లో వాయించుకోవడానికేనా?” అనడిగాడు మ్యూజిక్ షాపాయన. “అయితే ఈ చిన్నవి చాలండి. చుట్టుపక్కల వాళ్ళకు ఇబ్బంది ఉండదు.”

“ఇబ్బంది ఉండాలండి.”

షాపాయన ఎగాదిగా చూసి, పెద్ద స్పీకర్ల వైపు నడిచాడు. “ఇది అచ్చం గిటారు కోసమే చేసింది. వచ్చిన శబ్దానికి తన గొంతు కూడా కాస్త కలుపుతుంది. ఈ జత అలా కాదు, ఉన్నది ఉన్నట్టు వినిపిస్తుంది. మీ డిజిటల్ పెట్టెకు ఇవే నప్పుతాయి.”

“అప్పటికప్పుడు వాయించినా, రికార్డు చేసి పెట్టినా ఒకేలా ఉంటుందా? గోడ అవతల వాళ్ళకు తేడా తెలియకూడదు.”

“గోడ అవతల వాళ్ళ సంగతెందుకండీ. కళ్ళు మూసుకుంటే వాయించేది మీరో కాదో మీకే తెలియదు.”

తాళాలాయన బేరం కూడా ఆడకుండా ఆ జతే కొనేశాడు.

ఆయన తెలివంతా రికార్డింగులో బయటపడింది. ఉన్నట్టుండి బాగా వాయిస్తే మేడలో అనుమానం వస్తుంది. అందుకని ఎప్పుడూ తడబడే చోటే తడబడ్డాడు. ఆగి తీగ బిగించాడు, విసుక్కున్నాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. తర్వాత విని చూసుకుంటే తప్పులు ఎంత సహజంగా వచ్చాయో అని తనకే ముచ్చటేసింది.

ఒక సాయంత్రం ఆ రికార్డింగు పెట్టి, తను మెట్ల కింద నక్కి కూర్చున్నాడు. కింది ఇంటి రిటైర్డు లెక్కల మాస్టారు ఎప్పట్లాగే చీపురు కర్రతో పైకప్పు పొడవడం మొదలుపెట్టారు. ఎదురింటి నర్సు తలుపు ధడాలున మూసుకుంది. పై అంతస్తు దర్జీ అమ్మాయి కిటికీ తెరిచి, “ఇంకెంతసేపండీ బాబూ,” అని అరిచింది. తాళాలాయనకు కడుపు నిండిపోయింది. సాక్షులంటే ఇలా ఉండాలనుకున్నాడు.

వాచీల షాపుకు సెలవు రోజు వచ్చింది. సాయంత్రం రికార్డింగు పెట్టి, శబ్దం ఇంకాస్త పెంచి, వెనక మెట్ల మీంచి జారుకున్నాడు. తాళాలు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. వాచీల మూటను ఎవరి కంటా పడని చోట దాచి, పాట అయిపోయేలోపే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

“తాళం పగలగొట్టలేదు, చెవితోనే తీశారు. అలాంటి చెవి చెయ్యగలిగింది మీరొక్కరే. నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?”

“ఇక్కడే సార్, గిటారు వాయించుకుంటున్నాను. మేడంతా విన్నారు. ఎవర్నైనా అడగండి.”

“విన్నామని ఒక్కరు చెప్పినా మీ జోలికి రాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, అందర్నీ వరండాలోకి పిలిపించి.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని తీరిగ్గా ఆలోచించారు. “గిటారా? నిన్న సాయంత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది బాబూ. చాన్నాళ్ళకు హాయిగా కునుకు పట్టింది.”

తాళాలాయన నవ్వబోయి ఆగిపోయాడు. “మాస్టారూ, మీరు కర్రతో కూడా కొట్టారు కదండీ.”

“నేనా? బూజు దులుపుకున్నానేమో నాయనా.”

“అన్నయ్యగారు ఊళ్ళో లేరనుకున్నానండి,” అంది నర్సు. “మా తలుపు బార్లా తీసే ఉంది. ఏ చప్పుడూ రాలేదు.”

“నా మిషను చప్పుడు తప్ప ఇంకేం లేదండి,” అంది దర్జీ అమ్మాయి.

భార్య అక్కగారింట్లో ఉండటంతో ఆవిణ్ణి అడిగే పనే లేకపోయింది.

తాళాలాయన గదిలోకి పరిగెత్తి స్పీకర్లు కదిపి చూశాడు. వైర్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు మెట్ల కింద దాకా మోగింది నిన్న గోడ కూడా దాటలేదంటే ఏమనుకోవాలో అర్థం కాలేదు. జైలు మాట తలుచుకుంటే మొదటిసారిగా భయమేసింది. ఆ భయం కాస్తా కోపమై మ్యూజిక్ షాపాయన మీదికి తిరిగింది.

“వాడు నన్ను నిలువునా ముంచాడు సార్,” అన్నాడు ఏడుపు గొంతుతో. “ఏరి కోరి గట్టివి అడిగితే, అవసరమైన రోజున పక్కింటికి కూడా వినబడనివి అంటగట్టాడు. ముందు వాడి మీద కేసు రాయండి.”

ఇన్‌స్పెక్టరు తాపీగా బేడీలు తీసి ఆయన చేతులకు బిగించాడు. మేడ దించి జీపు ఎక్కించాడు. తలుపు మూశాక ఆయన వైపు కాస్త వంగాడు.

“స్పీకర్లను మాత్రం ఏమీ అనకండి. మా ఇల్లు మీ వెనక వీధిలోనే. నిన్న సాయంత్రం మీ పాట ఒక్క తప్పు కూడా పోకుండా మా పడగ్గది దాకా వచ్చింది.”