నువ్వు కూర్చో అక్కా

"నువ్వు కూర్చో అక్కా. ఇవాళ దీన్ని నేనొక్కదాన్నే లేపుతాను," అంది చిన్నకోడలు, ఫొటోలన్నీ దాచే సర్వరు పెట్టె ముందు నేలమీద చతికిలబడి.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఫొటో స్టూడియోకి ఆ సర్వరు కొన్నది తను. మెట్లకింద దానికి చోటు చూపించింది తను. దుమ్ము పడకుండా రోజూ తుడిచేదీ తనే. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల తనని కూర్చోమంటోంది! ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా?

కౌంటరు దగ్గర పెళ్ళికూతురు గడియారం చూసుకుంటోంది. సాయంత్రం రైలుకి ఆల్బమ్ పట్టుకెళ్ళాలి. ఆమె పెళ్ళి ఫొటోలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె చూస్తే పొద్దుటినుంచీ ఉలుకూ పలుకూ లేదు.

"ఏమైందమ్మా చిన్నమ్మాయ్?" మామగారు కుర్చీలోంచే అడిగారు.

"ఫొటోలకేం కాలేదు మామయ్యా, వేరే డిస్కుల్లో భద్రంగా ఉన్నాయి. సర్వరు మేలుకోవడానికి చిన్న డ్రైవ్ ఒకటుంటుంది, అదే పోయింది. కొత్తది పెట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. కానీ లైసెన్సు ఆ పాత డ్రైవ్ నంబరు మీదే ఉంది. కొత్తదాని మీదికి మార్చమని కంపెనీని అడిగాను. ఎవరు కొన్నారో వాళ్ళ మెయిల్‌కి కోడ్ పంపుతారట. అది కొడితే చాలు, లేచి కూర్చుంటుంది."

"కొన్నదెవరు?"

"ఇంకెవరు, అక్కే."

మామగారు తలూపి చొక్కా జేబు తడుముకున్నారు. లోపల గలగలమంది.

ఆ కొత్త తాళాల గుత్తిని పెద్దకోడలు వారం నుంచీ గమనిస్తూనే ఉంది. ఆయన, చిన్నకోడలు మూల చేరి గుసగుసలాడటం, తను రాగానే టక్కున మాట మార్చేయడం కూడా చూస్తూనే ఉంది. స్టూడియో తాళం మొరాయిస్తోందని మొన్న ఆయనే అన్నారు. అంటే కొత్త తాళం కొని, దాని చెవులు ఈ నంగనాచి చేతిలో పెట్టి, పెత్తనం అప్పగించేస్తారన్నమాట. ఇన్నేళ్ళ చాకిరీకి ఇదా ఫలితం?

చేతిలో ఫోన్ టింగుమంది. కంపెనీ నుంచి మెయిల్. కోడ్ స్పష్టంగా కనిపిస్తోంది.

"వచ్చిందా అక్కా?"

పెద్దకోడలు ఫోన్ బోర్లించింది. "రాలేదే."

"మళ్ళీ పంపమంటాను."

ఈసారి ఫోన్ చప్పుడు రాకుండా నొక్కేసింది. మెయిల్ మళ్ళీ వచ్చింది. ఆమె బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"ఇప్పుడు?"

"లేదమ్మా. అసలు నువ్వు సరిగ్గా నొక్కుతున్నావా?"

చిన్నకోడలి నుదుటిమీద చెమట పట్టింది. డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టింది. వైర్లు పీకి మళ్ళీ గుచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపించారు తప్ప మనిషి పలకలేదు.

పెళ్ళికూతురు లేచొచ్చింది. "అవుతుందా, కాదా చెప్పండి. మా అమ్మమ్మ మంచంమీద ఉంది, పెళ్ళికి రాలేకపోయింది. ఆల్బమ్ చూపిస్తానని మాటిచ్చాను."

"అవుతుందండీ, అవుతుంది," అంది చిన్నకోడలు. గొంతు వణికింది. "మామయ్యా, ఇంకొక్కసారి చూస్తాను. నేను చెయ్యగలను."

ఆ వణుకు వినగానే పెద్దకోడలికి లోలోపల హాయిగా అనిపించింది. కాస్త సిగ్గు కూడా వేసింది. కానీ ఆ సిగ్గుని అసూయ నిలవనివ్వలేదు.

మామగారు నిట్టూర్చారు. "ఇక చాల్లే చిన్నమ్మాయ్. పెద్దమ్మాయ్, నువ్వోసారి చూడమ్మా."

ఈ మాట కోసమే కదా ఇంతసేపూ కాచుకుంది! పెద్దకోడలు తాపీగా లేచింది. "జరుగు," అంటూ తోడికోడల్ని పక్కకి తప్పించి కూర్చుంది. కోడ్ మళ్ళీ పంపమని నొక్కింది. ఫోన్ చూసుకుంటూ ఒక్కో అంకే కొట్టింది.

సర్వరులో ఫ్యాను గిర్రున తిరిగింది. పచ్చదీపాలు వెలిగాయి. తెరమీద పెళ్ళి ఫొటోలు వరసగా వచ్చి నిలబడ్డాయి.

"నేనడిగితే ఎందుకు రాలేదో కోడ్!" అంది చిన్నకోడలు ఆశ్చర్యంగా.

"దేనికైనా చెయ్యి తిరగాలి," అంది పెద్దకోడలు.

ప్రింటరు పని మొదలెట్టింది. పెళ్ళికూతురు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. చిన్నకోడలు కూడా కళ్ళు తుడుచుకుని నవ్వేసింది. "నువ్వు లేకపోతే పరువు పోయేది అక్కా!"

మామగారు లేచి నిలబడ్డారు. జేబులోంచి తాళాల గుత్తి తీశారు. పెద్దకోడలు చెయ్యి చాచింది.

ఆయన ఆ చెయ్యి దాటుకుని వెళ్ళి గుత్తిని చిన్నకోడలికి అందించారు.

చిన్నకోడలు చెయ్యి వెనక్కి లాక్కుంది. "వద్దు మామయ్యా! ఇవి అక్కవి."

"ఇక అక్కవెలా అవుతాయమ్మా?" అని ఆయన పెద్దకోడలి వైపు తిరిగారు. "స్టేషను రోడ్డులో పెద్ద స్టూడియో తీసుకున్నాను తల్లీ, నీ పేరుమీద నడపాలని. ఈ తాళాలు దానివే. 'ఇక్కడ నేనొక్కదాన్నే నెట్టుకొస్తాను, అక్కని అక్కడికి పంపండి' అని ఇది చెవినిల్లు కట్టుకుని పోరింది. 'సరే, ఏదైనా చిక్కొస్తే నీ అంతట నువ్వు గట్టెక్కించి చూపించు, అప్పుడు చూద్దాం' అన్నాను దీంతో. ఇవాళ తేలిపోయిందిగా, నువ్వు లేనిదే ఈ కొట్టు నడవదు. కొత్తదాంట్లో చిన్నమ్మాయి కూర్చుంటుంది. నువ్వు ఇక్కడే కూర్చో."