శాంతి బిళ్ళ

రొయ్యల షెడ్డులో పనిచేసేవాళ్ళందరి చెవి వెనకా, బాధా కోరికా తెలియనివ్వని శాంతి బిళ్ళ అంటించి ఉండాల్సిందే. కోరికే దుఃఖానికి మూలమని కంపెనీవాళ్ళు గోడ మీద పెద్దక్షరాలతో రాయించారు. బిళ్ళలొచ్చాక కూలి పెంచమని అడిగిన నోరు లేదు.

సాయంత్రం ఇంటికొచ్చిన సుగుణను గుమ్మంలోనే అత్త నిలదీసింది.

"నీ పక్కన కూర్చునే యశోధర పనిలోనే పోయిందంటగా? నీ కంట తడైనా లేదేంటే?"

"బిళ్ళ ఉందిగా అత్తయ్యా."

"బుద్ధుడు దుఃఖాన్ని కళ్ళారా చూడమన్నాడే! తీసెయ్ దాన్ని."

ఏడవడానికని సుగుణ బిళ్ళ పీకింది. ఏడుపు కన్నా ముందు పొద్దుటి మాట గుర్తొచ్చింది. "గుండె పట్టేస్తోందే, ఎవరినన్నా పిలువు" అని యశోధర మూడుసార్లు బతిమాలింది. తను మాత్రం చిరునవ్వుతో రొయ్యల తలలు తుంచుతూనే ఉంది.

సుగుణ బిళ్ళను మళ్ళీ అంటించుకుంది.

"అన్నం పెట్టు అత్తయ్యా," అంది ప్రశాంతంగా.