అద్వైతంలో 'అ'

ప్రెస్సులో అట్ట ప్రూఫు చూడగానే ఆమె నిర్ఘాంతపోయింది. ఆలుమగలిద్దరూ కలిసి రాసిన పుస్తకం మీద మొగుడి పేరొక్కటే ఉంది.

"మనది అద్వైతమోయ్! ఇద్దరం ఒకటే. నా పేరుంటే నీ పేరున్నట్టే," అన్నాడు ఆయన నవ్వుతూ. కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు.

"ద్వైతమంటే రెండుగా ఉండడం. ముందు 'అ' చేరిస్తే రెండు కాదని అర్థం. ఒకటని ఆ మాటలో ఎక్కడుందండీ?"

"రెండు కాకపోతే ఒకటేగా!"

"సరే, మీ మాటే కానివ్వండి." ఆమె ప్రెస్సాయన వైపు తిరిగింది. "ఆ పేరు తీసేసి, నాదొక్కటే వెయ్యండి."

మొగుడి ముఖంలో నవ్వు మాయమైంది.

"మరి అందులో నేనెక్కడున్నాను?"

"ఇందాకట్నుంచీ నేనడుగుతున్నదీ అదే!"

ఆయన ప్రూఫును ప్రెస్సాయన వైపు జరిపాడు.

"ఇద్దరి పేర్లూ వెయ్యవయ్యా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.