కొత్త బ్లేడు

మొహాన మూడు చోట్ల దూది అంటించుకుని స్నానాల గదిలోంచి బయటికొచ్చిన దర్జీ, చేతిలోని షేవింగ్ జెల్ ట్యూబును గిరాటేశాడు. అది వెళ్లి కుట్టుమిషను కింద పడింది.

“ఎవడు తెమ్మన్నాడురా ఈ జిగురు? నురగ లేదు, పాడు లేదు. మొహానికి నూనె రాసుకున్నట్టు జరజరా జారుతోంది. రేజరు ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు!”

మిషను తొక్కుతున్న కొడుకు ఆగాడు. “నేనూ అదే జెల్ వాడుతున్నా నాన్నా. రేజరు కూడా నీదాని లాంటిదే. నాకెందుకు తెగట్లేదు?”

“నీకు తోలు మందం. సిగ్గు ఎలాగూ లేదు.”

“తప్పు జెల్‌ది కాదు. నీ చెయ్యి వణుకుతోంది.”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పి అనని మాట అది. తల్లి గుమ్మం దాకా వచ్చి, భర్త మొహం చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

“నా చెయ్యా? నలభై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యిరా ఇది! నిక్కరు వేసుకోవడం రానప్పటి నుంచి నీ నిక్కర్లు కోసిన చెయ్యి!”

“అందుకే చెబుతున్నా. ఆ గుడ్డ మీద నువ్వు కత్తెర పెట్టొద్దు.”

అసలు గొడవంతా ఆ గుడ్డ గురించే. కత్తిరింపు బల్ల మీద మడత పెట్టి ఉంది, ముదురు నీలం ఉన్ని గుడ్డ. ఒకావిడ తెచ్చి ఇచ్చింది; ఆవిడ భర్త కుట్టించుకోకుండానే పోయాడట, ఇప్పుడు వాళ్లబ్బాయికి దాంతో కోటు కుట్టించాలట. అలాంటిది మరో మీటరు కావాలన్నా ఎక్కడా దొరకదు. కత్తెర ఒక్కసారి పక్కకి పోయిందంటే ఇక అంతే.

“నా బల్ల దగ్గర నాకే అడ్డు చెబుతావా?” పెద్దాయనకి ఒళ్లు మండిపోయింది. “రేపు పొద్దున నీ కళ్ల ముందే గీసుకుంటా. నా పాత సబ్బు, నా బ్రష్షు, కొత్త బ్లేడు. ఒక్క గాటు పడిందా, కత్తెర నీది. పడలేదా, మళ్లీ నా చేతి ఊసెత్తావంటే చెప్పు తెగుతుంది!”

“జెల్‌తోనే గీసుకో. తప్పెవరిదో అప్పుడే తేలుతుంది.”

“దాన్ని ముట్టుకోనంటే మళ్లీ అదే రాసుకోమంటావేంట్రా? బుర్ర ఉందా?”

మర్నాడు పొద్దున్నే నడకకని వెళ్లిన పెద్దాయన, చెంపల మీదుగా టవలు చుట్టుకుని తిరిగొచ్చాడు.

“ఏమైంది?” అడిగాడు కొడుకు.

“పంటి నొప్పి. నీతో అరిచి అరిచి వచ్చింది. పక్కకి జరుగు.”

అటు తిరిగి టవలు తీసి, మగ్గు ముందేసుకుని సబ్బు మీద బ్రష్షు తిప్పడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆ వణుకు నురగకి బాగానే పనికొచ్చింది. కళ్ల కింద నుంచి గొంతు దాకా దిట్టంగా పులుముకుని అద్దం ముందుకొచ్చి, రేజరు ఎత్తి పట్టుకున్నాడు.

“చూడు, బాగా చూడు. తర్వాత చూళ్లేదనకు.”

రేజరు చెంప మీద ఊగుతూ దిగింది, మగ్గు నీళ్లలో మునిగి మళ్లీ లేచింది. గొంతు దగ్గరికి వచ్చేసరికి కొడుకు ఒక అడుగు ముందుకేశాడు. ‘ఆగు నాన్నా, నేనే ఓడిపోయా’ అని అరుద్దామనుకున్నాడు. ఆ లోపే అయిపోయింది. పెద్దాయన నీళ్లు కొట్టుకుని, మొహం తుడుచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

“ఏదిరా గాటు? చెయ్యి పెట్టి చూడు!”

కొడుకు చెయ్యి పెట్టి చూశాడు. నున్నగా ఉంది. నిన్నటి మూడు గాట్లు తప్ప ఎక్కడా కొత్తగా చిన్న గీత కూడా లేదు. సిగ్గుతో తల వంచుకుని వెళ్లి, మిషను కింది జెల్ ట్యూబు తీసి చెత్తబుట్టలో పడేశాడు.

“నాదే తప్పు నాన్నా. గుడ్డ నువ్వే కొయ్యి.”

“ఇప్పుడొచ్చావు దారికి!”

పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్లి గుడ్డ పరిచాడు. సుద్దతో గీతలు గీశాడు. ఒక గీత వంకర పోతే దులిపేసి మళ్లీ గీశాడు. కత్తెర తీసుకుని గుడ్డ అంచుకి ఆనించాడు. అక్కడే ఆగిపోయాడు. ఉన్నట్టుండి కత్తెర కొడుకు ముందు ధడాలున పెట్టాడు.

“ఇంద, కొయ్యి.”

“నేనా? గెలిచింది నువ్వు కదా!”

“గెలిచాను కాబట్టే చెబుతున్నా! ఎన్నాళ్లని నేను కొయ్యాలి, నువ్వేమో మిషను మీద కూర్చుని పాటలు వినాలి? గీత దాటావంటే వీపు చీరేస్తా. ఆ జెల్ అంటిన చేతుల్తో ముట్టుకోకు, పోయి తుడుచుకుని రా!”

కొడుకు అద్దం దగ్గరికి వచ్చి, పొద్దున నాన్న చుట్టుకొచ్చి మేకుకి తగిలించిన టవలు అందుకున్నాడు. దానికి వీధి చివరి సెలూన్ పౌడరు వాసన. మగ్గులోకి చూశాడు. నీళ్ల నిండా తెల్లటి నురగే, ఒక్క వెంట్రుక లేదు. రేజరు తీసుకుని పిడి మర తిప్పాడు.

“ఎంతసేపురా? ఏం వెలగబెడుతున్నావక్కడ?” బల్ల దగ్గర నుంచి కేక వినిపించింది.

“నీ కొత్త బ్లేడు తుడిచి పెడుతున్నా నాన్నా, వస్తున్నా,” అన్నాడు కొడుకు, రెండు రేకుల మధ్య ఏమీ లేని ఆ రేజరును మళ్లీ గట్టిగా బిగిస్తూ.