గోకుడు భాష

వెర్లిన్ మళ్లీ గోక్కున్నాడు. ఎడమ మోచెయ్యి.

ఈ ఊరి కోచ్ ఎల్డన్ గబగబా నోటుబుక్కులో రాసుకున్నాడు. బేస్‌బాల్‌లో ప్రతి కోచ్‌కీ ఒక సైగల భాష ఉంటుంది. పక్క ఊరి కోచ్ వెర్లిన్‌ది గోకుడు భాష. మెడ గోకితే బంతిని మెల్లగా తడతారు. ఎడమ మోచెయ్యి గోకితే బేస్ మీదున్నవాడు పరుగందుకుంటాడు.

పదకొండేళ్లుగా కౌంటీ కప్పు ఆ ఊరికే పోతోంది. ఈసారీ పోతే మీసం తీసేస్తానని చర్చి విందులో నలుగురి ముందూ నోరు జారాడు ఎల్డన్. ముప్పై ఏళ్ల మీసం మరి.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు మందుల షాపులో వెర్లిన్ భార్య మార్లిస్ ఎదురైంది. బుట్ట నిండా లేపనాలు.

“ఏం చెప్పేది అన్నయ్యా, ఆయనకి ఒకటే దురద. ఐదుగురు డాక్టర్లకి చూపించాం. ఒకాయన నరాలన్నాడు, ఒకాయన సబ్బన్నాడు. ఇంకొకాయన నన్ను చూసి, ఈవిడే కారణమన్నాడు. జబ్బుకి పేరైనా లేదు.”

“మరి మైదానంలో?”

“అక్కడ మరీ ఎక్కువ. టెన్షను కదా. ఆ చేతులు చూడలేం. జులై ఎండలో కూడా నిండు చేతుల చొక్కాయే, పాపం.”

ఎల్డన్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. సీజనంతా కూర్చుని ఒక మనిషి రోగాన్ని రాసుకున్నాడు. నోటుబుక్కు చెత్తబుట్టలో పడేశాడు. “అటు చూడకండ్రా, అది జబ్బు,” అని తనవాళ్లకి గట్టిగా చెప్పాడు.

ఫైనల్లో చివరి ఇన్నింగ్స్. స్కోరు సమం. మూడో బేస్ మీద వెర్లిన్ మనిషి. వెర్లిన్ ఎడమ మోచెయ్యి పరపరా గోక్కున్నాడు. ఎల్డన్ జాలితో తల తిప్పుకున్నాడు. మళ్లీ తిప్పేసరికి ఆ మనిషి ఆఖరి బేస్ మీద లేచి దుమ్ము దులుపుకుంటున్నాడు.

ఆ ఒక్క పరుగుతో కప్పు మళ్లీ వాళ్లదే. కర్మ అనుకున్నాడు ఎల్డన్. అయినా వెళ్లి చెయ్యి కలిపి, చిన్న డబ్బా ఇచ్చాడు.

“మా అమ్మ చేసిన తేనెమైనం మందు. రోజూ రెండు పూటలా రాయి.”

“నీ మేలు ఈ జన్మలో మర్చిపోను బావా,” అన్నాడు వెర్లిన్ కళ్లు తుడుచుకుంటూ.

సోమవారం ఎల్డన్ సెలూన్ కుర్చీ ఎక్కాడు. సగం మీసం పోయాక, మంగలి డ్వేన్ నవ్వు ఆపుకుంటూ ఊరి పేపరు అతని ఒళ్లో పడేశాడు.

మొదటి పేజీలో, ఫైనల్ గెలిచిన సాయంత్రమే ఏటి ఒడ్డున, చేతుల్లేని బనీనులో కప్పు నెత్తిన పెట్టుకుని ఇకిలిస్తున్నాడు వెర్లిన్, రెండు చేతులూ ఒలిచిన గుడ్డులా నున్నగా, ఒక్క గోటి గీతైనా లేకుండా.